వైర్‌లెస్ కంట్రోలర్‌కి నాలుగు పోర్టులూ కలిపి ల్యాగ్ పెడితే వైఫై బాగుపడుతుందా?

హాస్టల్_అడ్మిన్:
ఇంజినీరింగ్ కాలేజీ హాస్టల్. సిస్కో 2504 కంట్రోలర్, దాని కింద వైఫై ఇచ్చే 52 యాక్సెస్ పాయింట్లు (ఏపీలు). నాలుగు గిగాబిట్ పోర్టులుంటే ఒక్కదానికే కేబుల్ ఉంది. రాత్రి తొమ్మిదయ్యేసరికి పిల్లలు నెట్ రావట్లేదని ఆఫీసు మీద పడుతున్నారు. నాలుగూ కలిపి ల్యాగ్ (కేబుళ్లన్నిటినీ ఒకే లింకుగా వాడడం) చేస్తే స్విచ్‌కి వెళ్లే అప్‌లింక్ 4 గిగాబిట్లు అవుతుందంటున్నాడు వెండర్. చేయించమంటారా?

పోర్ట్‌పంతులు:
చేయించండి, ఆలోచించేదేముంది? 7.4 సాఫ్ట్‌వేర్ నుంచి 2504లో ల్యాగ్ ఉంది. డబ్బు పెట్టి కొన్న పోర్టులకు బూజు పట్టించడం దేనికి?

రాత్రిడ్యూటీ:
4 గిగాబిట్లా? ఆ డబ్బా మొత్తం కలిపి తోయగలిగేదే 1 గిగాబిట్. కంపెనీ డేటాషీట్లోనే ఉంది. పైగా ల్యాగ్‌లో ఒక ఫైలు దింపుకుంటే అదంతా ఒకే కేబుల్ మీద వస్తుంది, నాలుగింటికీ పంచుకోదు.

పోర్ట్‌పంతులు:
ఒక్కడి ఫైలు గురించి ఎవరడిగారండీ? 52 ఏపీలు, వందలమంది పిల్లలు. స్విచ్‌లో లోడ్ బ్యాలెన్స్ ఐపీల మీద పెడితే ఒక్కో ఏపీ ట్రాఫిక్ ఒక్కో కేబుల్‌కి వెళ్తుంది. ఏ పోర్టులో వచ్చింది ఆ పోర్టులోంచే కంట్రోలర్ బయటికి పంపుతుంది. పంచే పనంతా స్విచ్‌దే.

రాత్రిడ్యూటీ:
మరి ఆ "ఐపీల మీద పెడితే" అన్న ముక్క వెండర్ చెప్పాడా? మా పాత 2960 స్విచ్‌లో డిఫాల్టుగా పంపినవాడి మ్యాక్ (పరికరం హార్డ్‌వేర్ అడ్రసు) చూసి కేబుల్ ఎంచేది. రౌటర్ మ్యాక్ ఒక్కటే కదా, ఇంటర్నెట్ నుంచి వచ్చేదంతా ఒక్క కేబుల్లోనే దిగేది. మిగతా మూడూ లైట్లు వెలిగించుకుని కూర్చునేవి.
4 గిగాబిట్లు అన్న మాట వెనక్కి తీసుకోండి.

పోర్ట్‌పంతులు:
ఆ మాట నాది కాదు, వెండర్‌ది! నేనన్నది కేబుల్ ఊడినా నెట్ ఆగదని.

రాత్రిడ్యూటీ:
ఎక్కడన్నారు? పైకెళ్లి చూసుకోండి.

కొత్తబాబు:
మాది 9800 కంట్రోలర్. ఎల్‌ఏసీపీ (రెండు వైపులా మాట్లాడుకుని ల్యాగ్ కట్టుకునే పద్ధతి) పెట్టాం, హాయిగా నడుస్తోంది.

రాత్రిడ్యూటీ:
బాబూ, ఇక్కడ అడిగింది 2504. దానికి ఎల్‌ఏసీపీ రాదు. స్విచ్ వైపు చానల్-గ్రూప్ మోడ్ ఆన్ అనే ఉండాలి. ఇది తెలియని ఒక పెద్దమనిషి మా దగ్గర మోడ్ యాక్టివ్ (అంటే ఎల్‌ఏసీపీ) అని కొట్టి, కంట్రోలర్ రీబూట్ చేసి, టీ తాగడానికి పోయాడు. పోర్టులన్నీ సస్పెండ్. ఏపీలన్నీ పోయాయి. తెల్లారితే ఆన్‌లైన్ పరీక్ష. బిల్లు ఆయన పట్టుకుపోయాడు, మెమో నాకొచ్చింది.

పోర్ట్‌పంతులు:
వాడెవడో తప్పు చేస్తే ల్యాగే తప్పా? నేనూ ఇన్‌స్టాలేషన్లు చేసేవాణ్ణే. మీలాంటివారిని రోజూ చూస్తాను. నడుస్తున్నదాన్ని ముట్టుకోనివ్వరు. హాస్టల్ మొత్తాన్ని ఒక్క కేబుల్‌కి వేలాడదీస్తారు. ఎలుక కొరికిన రోజు మళ్లీ మాకే ఫోను.

రాత్రిడ్యూటీ:
ముట్టుకోవద్దని నేననలేదు సార్. ముట్టుకున్నవాడు తెల్లారేదాకా అక్కడ ఉండాలంటున్నాను. మీరు ఉంటారా?

పోర్ట్‌పంతులు:
డబ్బులిస్తే ఉంటాను. రాత్రి కూర్చున్నదానికి ఇప్పటిదాకా ఏ కాలేజీ ఇచ్చింది?

క్రింపింగ్_రాణి:
ఇద్దరూ ఒక్క నిమిషం ఆగండి. హాస్టల్ గారూ, రాత్రి తొమ్మిదింటికి కంట్రోలర్ ఉన్న స్విచ్ పోర్టు గ్రాఫ్ ఎంత చూపిస్తోంది? ఇంటర్నెట్ లైను ఎంత?

హాస్టల్_అడ్మిన్:
ఇప్పుడే చూశానండి. లోపలికి 300 ఎంబీపీఎస్, బయటికీ దాదాపు అంతే. గీత పదకొండు దాకా బల్లపరుపుగా ఉంది. లైను... 300.

క్రింపింగ్_రాణి:
అదీ సంగతి. రౌటర్ నుంచి వచ్చిన డేటాని కంట్రోలర్ చుట్టగట్టి అదే కేబుల్ మీద ఏపీలకు తిప్పి పంపుతుంది, అందుకే రెండు వైపులా ఒకే అంకె. పోర్టులో మూడో వంతు కూడా నిండలేదు. నిండింది ఇంటర్నెట్ లైను. నాలుగు కాదు, నలభై కేబుళ్లు పెట్టినా తొమ్మిదింటికి అదే గొడవ.

రాత్రిడ్యూటీ:
నేను మొదట్నుంచీ చెప్తున్నది ఇదే.

పోర్ట్‌పంతులు:
మీరు లైను ఊసే ఎత్తలేదు! అయినా కేబుల్ ఊడే సంగతి అలాగే ఉంది. రెండు పోర్టులైనా కలపండి.

హాస్టల్_అడ్మిన్:
లైను పెంచమని ప్రిన్సిపాల్ గారికి లెటర్ పెట్టాను. ల్యాగ్ మాత్రం రెండు పోర్టులతో ఆదివారం పొద్దున ఆరింటికి, పిల్లలు లేవకముందే. వెండర్‌ని పక్కనే కూర్చోమన్నాను.

రాత్రిడ్యూటీ:
కన్సోల్ కేబుల్ (నెట్‌వర్క్ పోయినా కంట్రోలర్‌లోకి వెళ్లే దారి) ముందే గుచ్చి పెట్టుకోండి. టిఫిన్ కూడా అక్కడికే తెప్పించండి, బయటికి పంపొద్దు.