లంక అనగానే రావణుడేనా?

నాగాయలంక, బెండమూర్లంక లాంటి ఊరి పేర్లని మళ్లీ ఎవరో రావణుడికి ముడిపెట్టారు. ఆ లెక్కన గోదావరి పొడవునా ఎంతమంది రావణులుండాలి మేష్టారూ! మా వైపు లంక అంటే ఏటి మధ్య ఇసుకా ఒండ్రూ మేటవేసి పైకి తేలిన నేల, అంతే. బ్రౌన్ నిఘంటువులోనూ ఆ అర్థం ఉంది. లంక భూములు, లంక పొగాకు అన్నా అదే లంక. ఆ పొగాకు చుట్టకి రావణుడితో ఏం పని?

నాకు అంతకంటే ఆసక్తిగా అనిపించేది ఎత్తుకి మనవాళ్లు పెట్టుకున్న పేర్లు. డెల్టాలో కొండా గుట్టా లేవు కదా, మోకాలెత్తు నేల కనపడితే చాలు దానికో పేరు: దిబ్బ, తిప్ప, మెరక. నవ్వొచ్చినా, వరదొస్తే గొడ్డూ గోదా తోలుకెళ్లాల్సింది ఆ రెండు మూడడుగుల ఎత్తుకే, ఆ తేడా తెలియకపోతే కొంప మునిగినట్టే. కృష్ణ సముద్రంలో కలిసే చోట ఈలచెట్లదిబ్బ ఉంది, నాచుగుంటా ఉంది. ఒకటి ఎత్తు, ఒకటి లోతు. కాట్రేనికోన వైపు బలుసుతిప్ప. బతికుంటే బలుసాకు తినొచ్చు అంటాం చూడండి, ఆ బలుసే.

ఇక పర్ర. సముద్రం దాపున ఉప్పు తేలిన పల్లపు నేల, గడ్డి తప్ప ఏదీ సరిగ్గా రాదు. నాగాయలంక మండలంలో పర్రచివర అని ఊరే ఉంది, దాని అర్థం ఎవర్నీ అడగక్కర్లేదు. కొల్లేటి వైపున్న శ్రీపర్రు, ఇలపర్రుల్లో ఉన్నదీ ఈ పర్రేనని నా నమ్మకం, చుట్టూ నేల చూస్తే మీకూ అలాగే అనిపిస్తుంది.

కానీ ‘పూడి’ని పూడికతో కలపడం మాత్రం నేనొప్పుకోను. పెదపారుపూడి, చిలకలపూడి చూసి ఏరు పూడి ఊరైందనుకోవడం తేలికే, మరి రేణిగుంట దాటాక పుత్తూరు దారిలో ఏకంగా పూడి అనే రైల్వేస్టేషనే ఉంది, అక్కడ ఏ డెల్టా పూడింది? పల్లి, పాడుల్లాగా అదీ ఊరికి ఇంకో మాట, అంతే.

మీ ఊళ్లో బాడవ (పల్లపు చేను), మెరక అని పిలిచే చేలు ఉంటే ఊరి పేరుతో సహా కింద రాయండి. పాస్‌బుక్‌లో సర్వే నంబరే ఉంటుంది, ఈ పేర్లు పెద్దవాళ్లని అడిగితే తప్ప దొరకవు.