డబుల్ సైడ్ బోర్డు మీద తప్పుగా సోల్డర్ చేసిన ఐసీ, రిలే తీయాలి, ప్యాడ్లు (కాళ్లు అతికే రాగి చుక్కలు) లేవకుండా ఎలా?

బోరుమోటార్_దేవరకొండ:
అందరికీ నమస్తే. మాది దేవరకొండ దగ్గర మోటార్ వైండింగ్ షాపు. ఒక రైతు తన త్రీ ఫేజ్ స్టార్టర్‌లోని కంట్రోల్ కార్డు తెచ్చాడు. ఇంతకుముందు ఎక్కడో రిపేర్ చేయించాడట, అక్కడ 16 కాళ్ల ఐసీని తిప్పి పెట్టారు, ఒక కెపాసిటర్ ప్లస్ మైనస్ తారుమారు, 12 వోల్టుల రిలే ఉండాల్సిన చోట 24 వోల్టులది వేశారు, అది అసలు పట్టుకోవడమే లేదు. బోర్డుకు రెండు వైపులా ట్రాకులు (రాగి గీతలు), పైన వార్నిష్ లాంటి పూత. నా దగ్గర 25 వాట్ల ఐరన్, సక్కర్ (కరిగిన సోల్డర్‌ను గుంజే పంపు), మల్టీమీటర్ ఉన్నాయి, హాట్ ఎయిర్ లేదు. సక్కర్‌తో గుంజితే పైన లెడ్ (సోల్డర్) పోతోంది గానీ రంధ్రం లోపలిది కదలడం లేదు. ఈ కార్డు ఇప్పుడు మార్కెట్లో దొరకడం లేదు, కొత్త ప్యానెల్ అంటే ఆయనకు భారం, వరి పొట్ట మీద ఉంది, నీళ్లు ఆగితే కష్టం. తెలిసినవాళ్లు చెప్పండి.

జడ్చర్ల_రిపేర్:
అన్నా, ముందు ఆ ఐసీ మీద ఆశ వదిలేయండి. తిప్పి పెట్టి కరెంటు ఇచ్చాక అది బతికి ఉన్నా నమ్మి బోరుకు పెట్టలేం. కాపాడాల్సింది బోర్డును. చిన్న సైడ్ కట్టర్‌తో ఐసీ బాడీకి ఆనించి ఒక్కో కాలు కత్తిరించండి, బాడీ ఊడి వచ్చేస్తుంది, మిగిలిన కాళ్లను ఒక్కొక్కటే వేడి చేసి ట్వీజర్‌తో తీసుకోవచ్చు. లెడ్ పూర్తిగా కరగకముందే లాగొద్దు, ఇలాంటి బోర్డులో రంధ్రం లోపల పల్చటి రాగి పొర ఉంటుంది, లాగితే కాలితో పాటు అదీ వచ్చేస్తుంది, అప్పుడు పై ట్రాక్‌కు కింది ట్రాక్‌కు సంబంధం తెగిపోతుంది.

లోపలి లెడ్ కదలకపోవడానికి వేడి చాలకపోవడమే కారణం. ముందు ప్యాడ్ దగ్గర వార్నిష్‌ను బ్లేడుతో మెల్లగా గీకి, పాతదాని మీదే కొంచెం కొత్త 60/40 (తగరం, సీసం కలిసిన) లెడ్ వేయండి. సీసం లేని రకమైతే 217 డిగ్రీల దాకా కరగదు, 60/40 అయితే 183 దగ్గరే మొదలవుతుంది, రెండూ కలిస్తే తొందరగా పారుతుంది. ఒక వైపు నుంచి బిట్ (ఐరన్ మొన), రెండో వైపు నుంచి సక్కర్. గ్రౌండ్ కాళ్లు రాగి పరుపుకు కలిసి ఉంటాయి కాబట్టి వేడినంతా అవే తాగేస్తాయి, వాటికి సన్న బిట్ పనికిరాదు, వెడల్పు బిట్ పెట్టండి.

మిర్యాలగూడ_ఎలక్ట్రానిక్స్:
పైన చెప్పిన పద్ధతి ఐసీకి సరే. రిలేకు మాత్రం ఐదు కాళ్లు ఒక వరుసలో ఉండవు, కత్తిరించడానికి కట్టర్ కూడా దూరదు. మీది వైండింగ్ షాపు కదా, లావుపాటి రాగి తీగ ముక్క తీసుకుని ఎనామిల్ పూర్తిగా గీకేసి (గీకకపోతే లెడ్ పట్టదు), ఐదు కాళ్లనూ తాకేలా వంచి, అన్నింటి మీదా లెడ్ బాగా పోయండి. తీగ వేడిని అన్ని కాళ్లకూ మోస్తుంది, ఒకేసారి కరుగుతాయి, రిలే దానంతటదే జారుతుంది. దీనికి 25 వాట్లు సరిపోదు, 60 వాట్లది ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకోండి. తక్కువ వాట్లతో నిమిషాల తరబడి ఆనించి ఉంచితేనే ప్యాడ్ లేస్తుంది, ఎక్కువ వేడితో త్వరగా ముగిస్తే లేవదు.

రంధ్రాలు మూసుకుంటే ఒక వైపు వేడి చేస్తూ రెండో వైపు నుంచి అగరుబత్తి పుల్ల గుచ్చండి, లెడ్ దానికి అంటుకోదు.

నల్లగొండ_బోర్డులు:
ఒక్క మాట, రేకు పనికి వాడే యాసిడ్ పేస్ట్ మాత్రం పెట్టకండి, కొన్నాళ్లకు ట్రాకులు పచ్చబడి తినేస్తాయి. రోజిన్ ఫ్లక్స్ (లెడ్ బాగా పట్టడానికి రాసేది) వాడండి. మిగిలిన లెడ్‌కు విక్ (రాగి తీగల జాలీ) బాగుంటుంది, దాని మీద ఫ్లక్స్ రాసి బిట్‌తో నొక్కితే ఎర్రటి జాలీ తెల్లబడుతూ లెడ్‌ను పీల్చేస్తుంది. తెల్లబడిన భాగం కత్తిరించి కొత్త చోటు వాడండి, విక్‌ను ప్యాడ్ మీద ఈడ్చొద్దు. ఇక్కడ దొరక్కపోతే హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీలో విక్, ఐసీ బేస్ (ఐసీని గుచ్చే సాకెట్), రిలే అన్నీ దొరుకుతాయి. ఐసీని నేరుగా అతికించకుండా బేస్ వేయండి, రేపు ఎవరు తీసినా బోర్డుకు దెబ్బ ఉండదు.

బోరుమోటార్_దేవరకొండ:
అన్నలూ, చాలా థ్యాంక్స్. రిలే రాగి తీగతో సాఫీగా వచ్చింది. ఐసీ కాళ్లు కూడా తీశాను, ఒక్క ప్యాడ్ మాత్రం ముందే లేచి ఉంది. ఆ తిరగేసిన కెపాసిటర్ చూడ్డానికి బాగానే ఉంది, మళ్లీ వాడొచ్చా?

జడ్చర్ల_రిపేర్:
వాడొద్దు అన్నా. ఉబ్బకపోయినా రివర్స్‌లో కరెంటు పడితే లోపలి ఆక్సైడ్ పొర దెబ్బతింటుంది, తర్వాత ఎప్పుడు లీక్ అవుతుందో చెప్పలేం. అదే విలువది, వోల్టేజ్ అంతే లేదా ఎక్కువ ఉన్నది కొత్తది వేయండి, చార ఉన్న కాలు మైనస్. లేచిన ప్యాడ్‌కు ట్రాక్ మీది ఆకుపచ్చ పూత కొంచెం గీకి లెడ్ పూసి, అక్కడి నుంచి కాలికి సన్న తీగ వేయండి. ఐసీ పెట్టే ముందు పక్క పక్క కాళ్ల మధ్య షార్ట్ ఉందేమో మీటర్ బీప్‌లో చూసి, మొదటిసారి సిరీస్ బల్బుతో (సప్లై తీగలో వరుసగా కలిపిన బల్బు) సప్లై ఇవ్వండి. బల్బు నిండుగా వెలిగి అలాగే ఉంటే వెంటనే ఆపేసి ఫోటో పెట్టండి, చూద్దాం.