చీర పెట్టిచ్చే నాన్‌వోవెన్ సంచి: 6305లో వెయ్యాలా, 4202లోనా?

బెజవాడ_ట్రేడర్:
చైనా నుంచి నాన్‌వోవెన్ (నెయ్యకుండా పోగుల్ని అతికించి చేసిన) పాలీప్రొపిలీన్ సంచులు తెప్పించి బట్టల షాపులకు వేస్తుంటాం. 80 జీఎస్ఎం (చదరపు మీటరుకు 80 గ్రాములు), షాపు పేరు ప్రింటు, రెండు పట్టీలు. ఎప్పుడూ కస్టమ్స్ టారిఫ్ కోడ్ 6305లో, అంటే సరుకు ప్యాకింగ్ సంచుల కింద దిగేవి. ఈసారి కస్టమ్స్‌వాళ్లు కంటైనర్ ఆపేసి, ఇవి షాపింగ్ బ్యాగులు, 4202 వెయ్యమన్నారు. దానికి 2018 సెప్టెంబరులో బేసిక్ డ్యూటీ 10 నుంచి 15 శాతానికి పెంచారు. షాపువాడు చీర పెట్టిచ్చే సంచి ప్యాకింగ్ కాక మరేమిటి?

పాత_అప్రైజర్:
బాబూ, షాపువాడు అందులో ఏం పెట్టిస్తాడన్నది కాదు, సంచిని ఎందుకు అలా కుట్టారన్నది చూడాలి. 6305 అంటే ధాన్యం, పిండి, బంగాళాదుంపల బస్తాల్లాంటివి. మీ సంచి పట్టీ కొస చూడండి. చుట్టూ చతురస్రంగా కుట్టి, మధ్యలో ఇంటూ గుర్తు కుట్టు వేసుంటుంది. బరువు పెట్టి మళ్లీ మళ్లీ మోసుకెళ్లడానికే ఆ కుట్టు. 4202లో షాపింగ్ బ్యాగులని పేరుపెట్టి మరీ ఉంది. టారిఫ్‌లో సెక్షన్ 11 అంటే గుడ్డల విభాగం, 63వ చాప్టరూ అందులోదే. దాని నోట్ 1 ప్రకారం 4202లో పడే గుడ్డ వస్తువు ఇక ఆ సెక్షన్‌లోకి రాదు. కాబట్టి ముందు 4202 సంగతి తేల్చాకే 63వ చాప్టర్ తెరవాలి.

జీఎస్టీ_మూర్తి:
ఇద్దరూ తప్పే. అది అసలు గుడ్డే కాదు, ప్లాస్టిక్. 2018 డిసెంబరు 31 నాటి 80వ నంబరు జీఎస్టీ సర్క్యులర్‌లో పీపీ (పాలీప్రొపిలీన్) నాన్‌వోవెన్ సంచులు 3923, అంటే ప్లాస్టిక్ సంచులు, అని పరోక్ష పన్నుల బోర్డే రాసింది.

పాత_అప్రైజర్:
4202 వస్తువుల్ని ప్లాస్టిక్‌ల చాప్టర్ 39 నోట్ 2 కూడా బయటికి పంపేస్తుంది. పైగా నాన్‌వోవెన్ గుడ్డ 5603, అది టెక్స్‌టైల్ సెక్షనే.

జీఎస్టీ_మూర్తి:
ముందు సర్క్యులర్‌కి జవాబు చెప్పండి.

షిప్పింగ్_క్లర్క్:
మూర్తిగారూ, ఆ గొడవ జీఎస్టీ రేటు కోసం వచ్చింది. 2020 జనవరి 1 నుంచి ఆ ప్యాకింగ్ సంచులు 39లో ఉన్నా 63లో ఉన్నా 18 శాతమే. ఇక్కడ తగువు కస్టమ్స్ డ్యూటీ మీద.

ఎడిసన్_శ్రీను:
అమెరికాలో ఇలాంటి సంచిని 4202.92లో వేసి 17.6 శాతం కట్టించుకుంటారు. 6305 ప్యాకింగ్ సంచి అయితే 8.4. ఇక్కడా వ్యాపారులది ఇదే ఏడుపు.

జీఎస్టీ_మూర్తి:
అమెరికా సంగతి మనకెందుకండీ? సర్క్యులర్ చదివారా?

బెజవాడ_ట్రేడర్:
అప్రైజర్‌గారూ, గట్టిగా ఉంది కాబట్టి మళ్లీ వాడతారంటారు. ప్లాస్టిక్ వ్యర్థాల రూల్స్ ప్రకారం 2021 సెప్టెంబరు 30 నుంచి 60 జీఎస్ఎంకి తక్కువ నాన్‌వోవెన్ సంచి అమ్మకూడదు. ఒక శాఖ మందంగా చెయ్యమంటుంది, ఇంకో శాఖ ఆ మందం చూపించి డ్యూటీ వేస్తుంది. పెళ్లిళ్ల సీజను పోయింది, డెమరేజ్ (సరుకు పోర్టులో ఆగినందుకు అద్దె) కట్టాను. మీరెప్పుడైనా సొంత డబ్బుతో ఒక్క కంటైనర్ తెప్పించారా?

పాత_అప్రైజర్:
నేను మందం మాట ఎక్కడన్నాను? పట్టీ కుట్టు అన్నాను. ఉద్యోగంలో నీలాంటి వాళ్లను చాలామందిని చూశాను. ఇన్వాయిస్‌లో ‘నాన్‌వోవెన్ బ్యాగ్’ అని రెండు ముక్కలు రాసి ఊరుకుంటారు. సెల్ఫ్ అసెస్‌మెంట్ అంటే కోడూ డ్యూటీ నువ్వే వేసుకోవడం, సంతకం నీది, బాధ్యతా నీదే. అంత అనుమానముంటే కస్టమ్స్ చట్టం 28హెచ్ కింద, కోడ్ ముందే తేల్చి చెప్పే అడ్వాన్స్ రూలింగ్ అడగాల్సింది.

బెజవాడ_ట్రేడర్:
సార్, నా కడుపుమంట అదే. ఆ రూలింగ్ అడిగినవాడికే వర్తిస్తుంది. నేను అడిగి 4202 అనిపించుకుంటే 15 శాతం నా నెత్తినే. నాతో పోటీపడేవాడు అదే సంచిని వేరే పోర్టులో 6305 కింద దించుకుంటున్నాడు. సంచికి పావలా తేడా వచ్చినా షాపువాడు ఆర్డరు వాడికే ఇస్తాడు. ఏ కోడైనా సరే, అందరికీ ఒక్కటే వెయ్యండి, కడతాను.

పాత_అప్రైజర్:
అతనికి తక్కువ కట్టిన డ్యూటీకి సెక్షన్ 28 నోటీసు రాక తప్పదు. మామూలుగా రెండేళ్లు వెనక్కి వెళ్తారు, కావాలని దాచాడని తేలితే ఐదేళ్లు.

బెజవాడ_ట్రేడర్:
అది వచ్చేలోపు నా కస్టమర్లు మిగలాలి కదా సార్!

షిప్పింగ్_క్లర్క్:
అన్నా, ముందు సరుకు బయటపడాలి. శాంపిల్ సీలు చేయించి సెక్షన్ 18 కింద ప్రొవిజనల్ అసెస్‌మెంట్ అడుగు, అంటే కోడ్ తేలేదాకా తాత్కాలిక లెక్క మీద బాండు రాసి సరుకు విడిపించుకోవడం. పట్టీ కుట్టు కనబడేలా ఫొటోలూ పెట్టు, దాచావని ఎవరూ అనలేరు.

బెజవాడ_ట్రేడర్:
బాండు రాస్తాను, ఫొటోలూ పెడతాను. కోడ్ మాత్రం 6305 అనే వేస్తాను, ఆర్డర్ వాళ్లనే రాసివ్వమనండి.

జీఎస్టీ_మూర్తి:
3923.