అందరికీ ఒకే వంట ఉండే ఇంట్లో బరువు తగ్గి, తగ్గినట్టే ఉండటం ఎలా?

కూకట్‌పల్లి_కోడలు:

అందరికీ నమస్తే అండి. నా వయసు 38, ఎత్తు 157 సెంటీమీటర్లు, బరువు 74 కిలోలు. ఈ మధ్య హెల్త్ చెకప్ చేయించుకుంటే ఫ్యాటీ లివర్ (కాలేయంలో కొవ్వు) గ్రేడ్ 1 అని, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగరు) 6.1 అని వచ్చింది. డాక్టరు గారు మందులేమీ రాయలేదు, "బరువు తగ్గండమ్మా, ఆర్నెల్ల తర్వాత మళ్ళీ పరీక్ష చేద్దాం" అన్నారు. అప్పట్నుంచీ టెన్షన్‌గానే ఉంది, ఎందుకంటే మా అమ్మకి నలభై ఐదుకే షుగరు వచ్చింది.

ఇదివరకు అన్నం పూర్తిగా మానేసే డైట్ ఒకటి చేశాను, ఆ తర్వాత రాత్రిపూట జ్యూసులతో సరిపెట్టే డైట్ ఇంకొకటి. రెండుసార్లూ తగ్గాను, ఆపగానే పోయినదానికంటే ఎక్కువే తిరిగొచ్చింది. నాకు ఇంకో డైట్ వద్దు. పదేళ్ళ తర్వాత కూడా చేసుకుంటూ పోగలిగేది కావాలి.

చిక్కెక్కడంటే మాది ఐదుగురున్న ఇల్లు. అత్తయ్య, మావయ్య, మేమిద్దరం, పదేళ్ళ బాబు. వంట అందరికీ ఒక్కటే, ఎక్కువగా అత్తయ్యే చేస్తారు. నేను ఓట్స్ గిన్నె పట్టుకుని కూర్చుంటే ఆవిడ మొహం చిన్నబోతుంది, నాకూ నాలుగు రోజులకే విసుగొస్తుంది. పొద్దున బాక్సులు కట్టి క్యాబ్ ఎక్కితే సాయంత్రం ఏడున్నరకి ఇంటికొస్తాను, కాబట్టి జిమ్ కుదరదు. ఇలాంటి ఇంట్లో ఉంటూనే తగ్గినవాళ్ళు, తగ్గి అలాగే ఉన్నవాళ్ళు ఏం మార్చారో చెప్పండి ప్లీజ్.

రాజమండ్రి_మాస్టారు:

అమ్మా, నేను రిటైరైన లెక్కల మాస్టారిని. 86 కిలోల నుంచి 75కి వచ్చాను, ఏడాది పైనే పట్టింది, ఆ తర్వాత చాలా ఏళ్ళుగా అటూఇటూగా అక్కడే ఉన్నాను. మాదీ పెద్ద ఇల్లే, పొయ్యి ఒక్కటే. ముందు విడిగా వండుకోవాలన్న ఆలోచన తీసెయ్యండి. ఇంట్లో ఎవరికో జ్వరం వస్తేనో, చుట్టాలు దిగితేనో మొదట ఆగిపోయేది ఆ విడివంటే. మారాల్సింది అందరూ తినే గిన్నె, అది కూడా ఎవరూ పేచీ పెట్టనంత నెమ్మదిగా.

మన భోజనం ఎలా సాగుతుందో ఒక్కసారి గమనించండి. పచ్చడితో రెండు ముద్దలు, పప్పుతో కొంత, కూరతో కొంత, పులుసో చారో పోసుకుని కొంత, చివర్న పెరుగన్నం. వంటకం మారినప్పుడల్లా కంచంలోకి మళ్ళీ అన్నం పడుతుంది. ఎవరూ కావాలని ఎక్కువ తినరు, మన భోజనం వరసే అలా వచ్చింది. మా ఇంట్లో ఏం చేశామంటే అన్నం మొదట్లోనే ఒకేసారి పెట్టుకుని, మారు వడ్డించుకోకుండా దాన్నే అన్నిటికీ సర్దుకోవడం మొదలుపెట్టాం. కూర మాత్రం రెట్టింపు. ముందు వట్టి కూరే కాస్త తిని, ఆ తర్వాత అన్నం కలుపుకుంటాను. చారు గ్లాసులో పోసుకుని తాగుతాను, పెరుగు గిన్నెలో విడిగా తింటాను. పప్పులో నీళ్ళు తగ్గించి కందిపప్పు ఇంకో గుప్పెడు ఎక్కువ వేశాం. కొత్త సరుకేదీ కొనలేదు, ఎవరి రుచీ పోలేదు, అన్నం గిన్నె మాత్రం నెల తిరిగేసరికి ఒక సైజు తగ్గింది.

ఇక నూనె. ప్యాకెట్ కత్తిరించి మూకుట్లోకి వంచేస్తే ఎంత పడిందో ఎవరికీ తెలీదు. మా ఆవిడ పొద్దున్నే ఆ రోజుకి కావాల్సిన నూనె చిన్న స్టీలు గిన్నెలో పోసి పెడుతుంది, తాలింపులకీ అట్లకీ వేపుడుకీ అన్నిటికీ అందులోంచే. మధ్యాహ్నం వేపుడు ఘనంగా చేస్తే రాత్రికి చారూ, ఉడికించిన కూరే. దొండకాయ వేపుడు ఇప్పుడు ఎలా చేస్తున్నామో రాస్తాను, ఎందుకంటే నూనె తగ్గితే వేపుడు వేపుడులా ఉండదని అందరి అనుమానం. ముక్కలు సన్నగా చీలికలుగా తరిగి, ఉప్పూ పసుపూ వేసి మూత పెట్టి, ఊరిన నీటిలోనే సన్న సెగ మీద మగ్గనివ్వాలి. నీరంతా ఇగిరిపోయి ముక్క మెత్తబడ్డాక అప్పుడు రెండు మూడు చెంచాల నూనె చుట్టూ వేసి, మూత తీసేసి, మాటిమాటికీ కదపకుండా ఎర్రబడనివ్వాలి. నూనె చివర్లో పడితే ముక్క పైన పట్టుకుని రంగు తెస్తుంది, మొదట్లోనే పోస్తే ముక్క పీల్చేసుకుని ఇంకా కావాలంటుంది. దించే ముందు పుట్నాల కారప్పొడి చల్లండి. మా మనవడికి ఇప్పటికీ తేడా తెలీదు.

రాత్రి భోజనం తొమ్మిదిన్నర నుంచి ఎనిమిదికి జరిపాం. తిన్నాక నేనూ మా ఆవిడా గోదావరి గట్టు దాకా వెళ్ళొస్తాం. అంతే తల్లీ.

ఉప్పల్_డైటీషియన్:

మాస్టారు గారు చెప్పిన వరస మారడం గురించి ఇంకెవరూ ఇంత బాగా చెప్పరు. నేను ఆస్పత్రిలో పనిచేస్తాను, రోజూ చూసేది ఇదే కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను మేడమ్.

మీరు చేసిన డైట్లలో మొదటి వారం చకచకా తగ్గిందే, దాంట్లో చాలాభాగం నీరు. పిండిపదార్థం శరీరంలో గ్లైకోజెన్‌గా నిలవ ఉంటుంది, ఒక్కో గ్రాము దాదాపు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. అన్నం మానేయగానే రెండూ పోతాయి, మళ్ళీ తినగానే రెండూ వస్తాయి. ఆ తర్వాత తగ్గినదాంట్లో కొవ్వుతోపాటు కండ కూడా పోతుంది, అందులోనూ పప్పూ గుడ్డూ లేకుండా జ్యూసుల మీద ఉంటే మరీను. తిరిగి పెరిగేటప్పుడు ఎక్కువగా కొవ్వే వస్తుంది. అమెరికాలో బరువు తగ్గే టీవీ పోటీలో పాల్గొన్న 14 మందిని ఆరేళ్ళ తర్వాత పరీక్షించి 2016లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఊరికే కూర్చున్నప్పుడు వాళ్ళ శరీరం ఖర్చుచేసే శక్తి, ఉండాల్సిన దానికంటే రోజుకి సుమారు 500 కేలరీలు తక్కువుంది. అందుకే మీకు తిరిగి బరువు రావడం మీ మనసు గట్టిగా లేకపోవడం వల్ల కాదు, దయచేసి అలా అనుకోవద్దు.

మీ బీఎంఐ, అంటే ఎత్తుకి తగ్గ బరువు లెక్క, 30. మనవాళ్ళకి 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం కింద లెక్క. ఇది చూసి 55 కిలోలకి రావాలని గురి పెట్టుకోకండి. ముందు 5 కిలోలు. అమెరికాలో మూడు వేల మందికి పైగా చేసిన మధుమేహ నివారణ పరిశోధనలో, 7 శాతం బరువు తగ్గి వారానికి 150 నిమిషాలు నడవడం లక్ష్యంగా పెట్టుకున్న వాళ్ళలో షుగరు వచ్చే అవకాశం 58 శాతం తగ్గింది, మెట్‌ఫార్మిన్ అనే షుగరు బిళ్ళ వాడిన వాళ్ళలో 31 శాతం. అది 2002 నాటి మాట. చెన్నైలో మనవాళ్ళ మీదే చేసి 2006లో ప్రచురించిన ఇలాంటి పరిశోధనలో, బరువు పెద్దగా తగ్గకపోయినా తిండీ నడకా మార్చుకున్నవాళ్ళలో షుగరు ముప్పు సుమారు 28 శాతం తగ్గింది. కాంటా కదలని నెలల్లో ఇది గుర్తుంచుకోండి, లోపల పని జరుగుతూనే ఉంటుంది. కాలేయంలో కొవ్వు కూడా 5 శాతం బరువు తగ్గేసరికే కరగడం మొదలవుతుంది.

తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో, రెండు వేల కేలరీల రోజుకి ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు 85, కూరగాయలూ ఆకుకూరలూ కలిపి 400, పళ్ళు 100, గింజలు 35, పాలో పెరుగో 300 మిల్లీలీటర్లు, నూనె 27 గ్రాములు అని ఉంది. బరువు తగ్గాలంటే మీకు అన్ని కేలరీలు అక్కర్లేదు, ముఖ్యంగా ధాన్యం వాటా తగ్గించుకోవాలి. 27 గ్రాముల చొప్పున మీ ఐదుగురికి నెలకి నాలుగున్నర లీటర్ల లోపే నూనె రావాలి, నెయ్యీ, ఆవకాయ మీద తేలే నూనే కూడా అందులోకే వస్తాయి. ఈ నెల ఎన్ని ప్యాకెట్లు తెచ్చారో బిల్లు చూడండి, ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో అదే చెప్తుంది.

ఉప్మా, ఇడ్లీ తిన్న రోజు పదకొండింటికే ఆకలేస్తుంటే ఒక గుడ్డు కలపండి, లేదా వారంలో రెండు రోజులు పెసరట్టు వెయ్యండి, ఉప్మా పెట్టకుండా. టీలో రెండు చెంచాల చక్కెర చొప్పున రోజుకి నాలుగు టీలంటే 160 కేలరీలు, మనం తిండి లెక్కలో వేసుకోనివి. జిమ్ లేకపోయినా భోజనం తర్వాత పది పదిహేను నిమిషాలు నడిస్తే షుగరుకి నేరుగా మేలు చేస్తుంది. వారానికి రెండుసార్లు కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా లేచి కూర్చోవడం, గోడకి చేతులానించి పుషప్స్ చేస్తే కండ నిలబడుతుంది.

నైట్‌షిఫ్ట్_గచ్చిబౌలి:

రెండు మాటలు. మా ఆఫీసులో అందరూ ఇప్పుడు బరువు తగ్గించే ఇంజెక్షన్ల గురించే మాట్లాడుతున్నారు, మౌంజారో 2025 మార్చిలో, వెగోవీ జూన్‌లో మన దగ్గరికి వచ్చాయి. పనిచేస్తాయి, అవసరమైనవాళ్ళకి డాక్టరే రాస్తారు, దాంట్లో తప్పు లేదు. కానీ వెగోవీలో ఉండే సెమాగ్లూటైడ్ ఆపేసిన వాళ్ళని ఏడాది గమనిస్తే తగ్గిన బరువులో మూడింట రెండొంతులు తిరిగొచ్చింది. అంటే వంటిల్లు మారకుండా అది కూడా నిలబడదు. రెండోది, కొర్రలూ సామలూ కూడా వంద గ్రాములకి ఇంచుమించు బియ్యం అన్ని కేలరీలే. పీచు ఎక్కువ, మంచివే, కానీ కొర్రన్నం కదా అని మూడుసార్లు పెట్టుకుంటే తగ్గరు. నిద్ర సంగతి కూడా చూడండక్కా, షిఫ్ట్ వల్ల నిద్ర చెడితే నాకు అర్ధరాత్రి ఆకలి ఎంత పెరుగుతుందో నాకు తెలుసు.

కూకట్‌పల్లి_కోడలు:

చాలా చాలా థాంక్స్ అండి. బిల్లు చూశాను, పోయిన నెల ఏడు లీటర్లు వచ్చింది, నెయ్యి కాకుండా. మాస్టారు గారూ, రేపే దొండకాయ అలా చేస్తాను. ఒక్కటే భయం, వంటిల్లు అత్తయ్యది. నూనె ఎక్కువేస్తున్నారని నేనంటే ఆవిడ వంటకి వంక పెట్టినట్టు ఉంటుంది. నలభై ఏళ్ళుగా అందరికీ వండి పెడుతున్న మనిషి.

నిడదవోలు_అమ్మమ్మ:

నేను అత్తగారినే అమ్మాయ్, అందుకే రాస్తున్నా. కొసరి కొసరి వడ్డించడం మా తరానికి ప్రేమ. "ఇంకొంచెం వేసుకో" అంటే నువ్వు వద్దంటావు, మాకేమో కూర బాగాలేదేమో అనిపిస్తుంది. నూనె మాట ఎత్తకు. రిపోర్టు తీసుకెళ్ళి ఆవిడ పక్కన కూర్చుని చదివి వినిపించు, మా అమ్మకి వచ్చినట్టు నాకూ వస్తుందేమోనని భయంగా ఉంది అత్తయ్యా, ఏం చేద్దాం అని అడుగు. నా కోడలు అలా అడిగింది కాబట్టి, మర్నాటి నుంచి ఆకుకూర కోసం సంతకి నేనే వెళ్ళాను. నూనె తక్కువతో వండటం మాకు కొత్తేం కాదమ్మా, మా చిన్నప్పుడు ఇన్ని వేపుళ్ళెక్కడివి. పులుసు కూరలు, పచ్చి పులుసు, కాల్చిన వంకాయ పెరుగు పచ్చడి, తోటకూర పప్పు, ఉలవచారు. అవి చేసిపెట్టమని అడుగు, చాలా సంతోషిస్తుంది.

ఇంకోటి, మీ అత్తామావల్ని కూడా షుగరు పరీక్ష చేయించుకోమను. అందరి కోసం అనుకుంటే ఎవరికీ చిన్నతనం అనిపించదు. బాబుకి మాత్రం బరువు గురించి ఏమీ చెప్పకండి, ఇంట్లో ఏది వండితే అది తింటాడు.

కూకట్‌పల్లి_కోడలు:

అమ్మమ్మ గారూ, ఇది నాకు తట్టనే లేదు. ఇవాళ రాత్రే మాట్లాడతాను. డైటీషియన్ గారూ, చివరిగా ఒక్కటి: బరువు ఎన్నాళ్ళకోసారి చూసుకోవాలి? రోజూ చూస్తే మనసు పాడవుతోంది.

ఉప్పల్_డైటీషియన్:

వారానికోసారి చాలు మేడమ్, ఒకే రోజున, పొద్దున్నే ఏమీ తినక ముందు. నెలసరి ముందు రోజుల్లో నీరు పట్టి ఒకటి రెండు కిలోలు ఎక్కువ చూపించొచ్చు, దాన్ని లెక్కలోకి తీసుకోకండి. నెలకి ఒకటి, ఒకటిన్నర కిలో తగ్గితే చాలు. దానికి తోడు మీ ఎత్తంత దారం కత్తిరించి సగానికి మడిచి, నెలకోసారి బొడ్డు మీదుగా నడుము చుట్టూ చుట్టి చూడండి, కొసలు కలిసే రోజు రావాలి. హెచ్‌బీఏ1సీ మూడు నెలలకి ముందు మళ్ళీ చేయించకండి, అది మూడు నెలల సగటు కాబట్టి తేడా సరిగా కనబడదు. సంక్రాంతి వారం, పెళ్ళిళ్ళ నెల ఒక కిలో పెరిగితే మామూలు వంటకి వచ్చేసి వదిలెయ్యండి, దాన్ని దించడానికి ఉపవాసాలు మాత్రం వద్దు.