కె9కె డీజిల్ ఇంజిన్: ఉదయం పూట కుడివైపు గరగర టైమింగ్ బెల్టు టెన్షనరుదేనా?

నాగావళి గట్టు (శ్రీకాకుళం):

అందరికీ నమస్కారం. నా కారులో ఉన్నది రెనో వారి కె9కె రకం 1.5 లీటర్ల డీజిల్ ఇంజిన్. కారును సెకండ్ హ్యాండులో కొన్నాను. మీటరు లక్షా పది వేల కిలోమీటర్లు దాటింది గాని, టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో తెలిపే బిల్లు ఏదీ పాత యజమాని దగ్గర లేదు. ఉద్యోగరీత్యా శ్రీకాకుళం నుంచి టెక్కలి వైపు తిరుగుతుంటాను. గ్రానైట్ లారీల వెనక నడిపే దారి కాబట్టి దుమ్ముకు కొదవ లేదు.

కొన్ని వారాలుగా ఉదయం మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు బానెట్ కింద కుడివైపు నుంచి, అంటే డ్రైవరు కూర్చునే వైపు నుంచి, గరగరమనే శబ్దం వస్తోంది. ఇంజిన్ వేడెక్కే కొద్దీ అది తగ్గి సన్నని ఈలలా మారుతోంది, యాక్సిలరేటరు నొక్కితే ఆ ఈల కూడా హెచ్చుతోంది. పికప్‌లో గాని మైలేజీలో గాని తేడా లేదు, డ్యాష్‌బోర్డు మీద ఏ లైటూ వెలగలేదు. ఒక షెడ్డులో చూపిస్తే టెన్షనరు, అంటే బెల్టును బిగువుగా ఉంచే రోలరు, పోయిందన్నారు. ఇంకో షెడ్డులో బెల్టు బాగానే ఉంది, కొంచెం టైట్ చేస్తే సరిపోతుందన్నారు. ఈ రెంటిలో ఏది నిజమో తేల్చుకునే పద్ధతి ఏమిటి? విశాఖపట్నం దాకా నడుపుకుంటూ వెళ్లి అక్కడ చూపించుకోవచ్చా?

బొబ్బిలి దారి:

అన్నగారూ, ఆ వైపు రెండు బెల్టులు ఉంటాయి. బయటికి కనిపించేది ఆల్టర్నేటరును, ఏసీ కంప్రెసరును తిప్పే బెల్టు. మనవాళ్లు దాన్ని ఇప్పటికీ ఫ్యాన్ బెల్టు అనే అంటారు. ప్లాస్టిక్ కవరు లోపల ఉండేది టైమింగ్ బెల్టు, పిస్టన్లతో తిరిగే క్రాంకుకూ వాల్వులను తెరిచే క్యాముకూ పొంతన కుదిర్చేది అదే. రెంటికీ వేర్వేరు టెన్షనర్లు ఉంటాయి కనుక, షెడ్డులో టెన్షనరు పోయిందన్నప్పుడు ఏ టెన్షనరని ముందు అడగవలసింది. ఇంజిన్ నడుస్తుండగా ఫ్యాన్ బెల్టు గాడుల వైపు కాసిని నీళ్లు చల్లి చూడండి. శబ్దం ఒక్క క్షణం ఆగి మళ్లీ వస్తే పుల్లీలు ఒకే వరుసలో లేవని, నీళ్లు పడగానే ఇంకా పెరిగితే బెల్టు వదులుగా ఉందని అర్థం. బెల్టుకు కొట్టే స్ప్రే కూడా దొరుకుతుంది, దానితో చాలా మటుకు శబ్దం పోతుంది.

విజయనగరం పానా:

నేను విజయనగరంలో డీజిల్ కార్ల పని చేస్తాను. పై మిత్రులు చెప్పిన నీళ్ల పరీక్ష సరైనదే గాని, అది కీచుమనే శబ్దానికి పనికొస్తుంది. మీరు రాసినది గరగర, ఆ తరువాత ఇంజిన్ వేగంతో పాటు పెరిగే ఈల. అది రబ్బరు జారే శబ్దం కన్నా, గ్రీజు ఎండిపోయిన బేరింగు చేసే శబ్దానికి దగ్గరగా ఉంది. స్ప్రే మాత్రం వద్దు. శబ్దాన్ని కొన్నాళ్లు అణచి లోపాన్ని దాచిపెడుతుంది, పైగా ఆ జిడ్డుకు మీ టెక్కలి దుమ్మంతా అంటుకుంటుంది. టైమింగ్ బెల్టు మీదైతే నీళ్లు, ఆయిలు, స్ప్రే ఏవీ పడకూడదు.

శబ్దం ఏ బెల్టుదో ముందు విడదీయాలి. ఇంజిన్ ఐడ్లింగులో ఉండగా ఏసీ వేసి, ఆపి, మళ్లీ వేసి వినండి; హెడ్‌లైట్లు కూడా వెలిగించండి. ఈ బరువు పడేది ఫ్యాన్ బెల్టు మీద కనుక, శబ్దం దానితో పాటు మారితే అనుమానం బయటి వైపే. ఇంజిన్ ఆపిన మరుక్షణం ఒక కూత వినిపిస్తే ఆల్టర్నేటరు మీద ఉండే ఫ్రీవీల్ పుల్లీని, అంటే ఒక వైపే పట్టి తిప్పే పుల్లీని, కూడా చూడాలి. వీటితో తేలకపోతే, చల్లటి ఇంజిన్ మీద ఫ్యాన్ బెల్టు పూర్తిగా తీసివేసి, అర నిమిషం మించకుండా స్టార్ట్ చేసి వినండి. ఆ సమయంలో బ్యాటరీ లైటు వెలగడం మామూలే. ఈ ఇంజిన్‌లో వాటర్ పంపును తిప్పేది టైమింగ్ బెల్టే కనుక కూలెంటు తిరగడం ఆగదు. శబ్దం పోయిందంటే ఇంజిన్ ఆపి, బయట ఉన్న రోలర్లను, పుల్లీలను ఒక్కొక్కటిగా చేత్తో తిప్పి ఏది గరుకుగా తిరుగుతోందో పట్టుకోవచ్చు. అంతటితో మీ కష్టం చాలా మటుకు తీరినట్లే.

శబ్దం అలాగే ఉంటే అది కవరు లోపలిదే. అప్పుడు కూడా దోషం టెన్షనరుదేనని వెంటనే అనకూడదు, ఎందుకంటే ఆ బెల్టు దారిలో టెన్షనరు రోలరుతో పాటు వాటర్ పంపు, డీజిల్ హై ప్రెషర్ పంపు కూడా ఉన్నాయి. పొడవాటి స్క్రూడ్రైవరు కొనను వాటర్ పంపు దగ్గర ఒకసారి, హై ప్రెషర్ పంపు బాడీ మీద ఒకసారి ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని వింటే ఏ చోట శబ్దం బిగ్గరగా ఉందో తెలుస్తుంది. జుట్టు, చొక్కా చేతులు, కండువా బెల్టులకు దూరంగా ఉండాలని వేరే చెప్పనక్కరలేదు. కూలెంటు మట్టం మెల్లగా తగ్గుతూ ఉన్నా, పంపు కింద ఎండిన రంగు మరక కనిపించినా అనుమానం పంపు మీదికి పోవాలి.

అసలు సాక్ష్యం పై కవరు విప్పితేనే దొరుకుతుంది. ఇంజిన్ పూర్తిగా చల్లారిన తరువాత, క్రాంకు పుల్లీ బోల్టుకు పానా పెట్టి, అది మామూలుగా తిరిగే దిశలోనే, అంటే టైమింగ్ వైపు నుంచి చూస్తే గడియారం ముళ్లు తిరిగే దిశలో, రెండు పూర్తి చుట్లు తిప్పాలి, వెనక్కి తిప్పకూడదు. ఆ తరువాత బిగువును చూపే టెన్షనరు పాయింటరు దాని గాడికి ఎదురుగా నిలవాలి. నిలవకపోతే స్ప్రింగు బలహీనపడిందని గాని, ఇంతకు ముందు బిగించినవారు సరిగా అమర్చలేదని గాని అనుకోవాలి. బెల్టు అంచు పీచు లేచి ఉంటే రోలరు వంకరగా తిరుగుతున్నట్లు; కవరులో నల్లటి రబ్బరు పొడి ఉంటే బెల్టు ఎక్కడో రాసుకుంటున్నట్లు; ఆయిలు తడి ఉంటే క్యాము సీలో, క్రాంకు సీలో కారుతున్నట్లు. ఇప్పటి బెల్టుల రబ్బరు పాతకాలపు రబ్బరులా పగుళ్లు చూపించి హెచ్చరించదు, కాబట్టి చూపులకు బాగుందన్న మాటకు పెద్ద విలువ లేదు.

టైట్ చేస్తే సరిపోతుందన్న సలహాతో నేను ఏకీభవించను. ఇది స్ప్రింగుతో తనంతట తాను బిగువు నిలుపుకునే టెన్షనరు. పాయింటరు గాడి తప్పిందంటే దానికి కారణం వెతకాలి గాని, మళ్లీ తిప్పి బిగిస్తే పాడైన బేరింగు బాగుపడదు. బిగువు ఎక్కువైతే వాటర్ పంపు బేరింగు కూడా అరుగుతుంది.

ఇక విశాఖపట్నం సంగతి. పరీక్షలో శబ్దం కవరు లోపలిదని తేలితే బండిని నడపకండి. ఈ ఇంజిన్‌లో బెల్టు తెగినా, రోలరు పట్టేసి బెల్టు కొన్ని పళ్లు జారినా, పిస్టన్లు వెళ్లి వాల్వులకు తగులుతాయి. అప్పుడు హెడ్డు దించక తప్పదు. స్కానరులో కోడ్ రాలేదని ధైర్యపడకూడదు. క్రాంకుకూ క్యాముకూ పొంతన తప్పిందని చెప్పే పి0016 వంటి కోడ్ ఆ పొంతన తప్పిన తరువాతే వస్తుంది. అరుగుతున్న బేరింగును గుర్తించే సెన్సరు ఏదీ అక్కడ లేదు.

చీపురుపల్లి వాసి:

మాస్టారూ, మాది 1.3 లీటర్ల స్విఫ్ట్ డీజిల్. స్టార్ట్ చేయగానే రెండు క్షణాలు టకటకమని ఆగిపోతుంది. ఈ పరీక్షలు మాకూ వర్తిస్తాయా?

విజయనగరం పానా:

వర్తించవండి. మీ ఇంజిన్‌లో ఉన్నది టైమింగ్ చెయిను, దాని టెన్షనరు ఆయిలు ప్రెషరుతో పనిచేస్తుంది. ముందు ఆయిలు మట్టం, గ్రేడు, ఫిల్టరు చూపించుకుని, వివరాలతో వేరే ప్రశ్న పెట్టండి. ఇక్కడ రెండూ కలిపితే చదివేవారికి గందరగోళం.

నాగావళి గట్టు (శ్రీకాకుళం):

మీరు చెప్పినట్లే దగ్గర ఉండి చేయించాను. ఏసీ వేసినా ఆపినా శబ్దంలో తేడా లేదు. ఫ్యాన్ బెల్టు తీసినా గరగర అలాగే ఉంది. పై కవరు విప్పించి ఇంజిన్‌ను రెండు చుట్లు తిప్పించాను. పాయింటరు గాడికి ఒక పక్కన నిలిచింది, టెన్షనరు రోలరు చుట్టూ తుప్పు రంగు పొడి ఉంది. కూలెంటు మరక గాని ఆయిలు తడి గాని లేవు. ఒక సంగతి మాత్రం అర్థం కాలేదు: కవరు అడుగున దారపు పోగుల వంటివి కొన్ని దొరికాయి, టైమింగ్ బెల్టు అంచు మాత్రం చెక్కుచెదరలేదు. బండిని లారీ మీద మీ ఊరికే పంపే ఏర్పాటు చేస్తున్నాను. ఏయే భాగాలు మార్పించాలి?

విజయనగరం పానా:

తుప్పు రంగు పొడి అంటే బేరింగులో గ్రీజు అయిపోయి లోహం లోహాన్ని తింటున్నట్లు. ఇక సందేహం అక్కరలేదు, టెన్షనరు పోయింది. బెల్టు, టెన్షనరు, వాటర్ పంపు మూడూ కలిపి మార్పించండి. పంపు బాగానే ఉన్నా వదలకండి. రేపు అది కారితే ఇదే కూలీ మళ్లీ పడుతుంది, కొత్త బెల్టు కూడా తడుస్తుంది.

ఆ పోగులు ఫ్యాన్ బెల్టువి. ఫ్యాన్ బెల్టు అంచు చిరిగినప్పుడు దాని పోగులు క్రాంకు పుల్లీ వెనక నుంచి టైమింగ్ కవరులోకి చొరబడడం ఈ ఇంజిన్‌లో తెలిసిన విషయమే. అవి టైమింగ్ బెల్టు కింద పడితే పళ్లు జారిపోవచ్చు. కాబట్టి ఫ్యాన్ బెల్టును, దాని టెన్షనరును కూడా పరిశీలింపజేసి, కింది కవరు విప్పి పోగులన్నీ ఏరించాలి.

పని ఎవరు చేసినా దగ్గర ఉండి రెండు విషయాలు చూసుకోండి. క్రాంకును, క్యామును కదలకుండా పట్టి ఉంచే లాకింగ్ పిన్నులు పెట్టి అమర్చాలి గాని, పెయింటు గుర్తులతో సరిపెట్టకూడదు. క్రాంకు పుల్లీ బోల్టును టార్క్ రెంచితో బిగించిన తరువాత పుస్తకంలో చెప్పినన్ని డిగ్రీలు మళ్లీ తిప్పాలి. గాలి గన్నుతో కొట్టి వదిలేయకూడదు. అన్నీ బిగించాక పిన్నులు తీసివేసి, చేత్తో రెండు చుట్లు తిప్పి, పాయింటరు చూసి, మళ్లీ పిన్నులు పెట్టి చూడాలి. అవి సులువుగా దిగకపోతే సెల్ఫ్ కొట్టనివ్వకండి. బెల్టు విప్పి మళ్లీ అమర్చవలసిందే.