పొగమంచుకు పసుపు లైటా, తెల్ల లైటా? పైకప్పు మీదా, బంపరు దగ్గరా?

చింతపల్లిదారి:
డిసెంబరు వచ్చేలోగా నా జీపుకు అదనపు లైట్లు పెట్టించాలి. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లికి తెల్లవారకముందే ఎక్కాల్సిన పని తరచూ పడుతుంది. వానాకాలంలో ఇదే బండి వాగులూ దాటుతుంది. దుకాణదారు పైకప్పు మీద పొడవాటి తెల్ల ఎల్‌ఈడీ బార్ పెట్టమంటున్నాడు. మా బావ బంపరు దగ్గర పసుపు ఫాగ్ ల్యాంపుల జత చాలంటున్నాడు. డబ్బు ఒకదానికే ఉంది. ఏది పెట్టించను?

పాతగేరు:
పసుపే. ఇందులో చర్చ ఏముంది? పసుపు కాంతికి తరంగదైర్ఘ్యం ఎక్కువ, మంచును చీల్చుకుని వెళ్తుంది. ఫ్రాన్సులో 1993 వరకు కార్ల హెడ్‌లైట్లు పసుపువే. ఏమీ తెలియకనే అన్నేళ్లు ఉంచుకున్నారంటారా?

లెక్కలమాస్టారు:
పాతగేరు గారూ, ఆ వాదన ఆకాశం నీలంగా ఎందుకుందో చెప్పడానికి పనికొస్తుంది. గాలిలోని అణువులు కాంతి తరంగం కన్నా ఎంతో చిన్నవి, అందుకే నీలాన్ని ఎక్కువగా చెదరగొడతాయి. పొగమంచు బిందువు అలా కాదు, సాధారణంగా 10, 20 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఉంటుంది. కంటికి కనిపించే కాంతి 0.4 నుంచి 0.7 మైక్రాన్లు. అంత పెద్ద బిందువు ముందు నీలమైనా పసుపైనా ఒకటే, అన్నీ దాదాపు సమానంగా చెదురుతాయి. ఫ్రాన్సువాళ్లు పసుపును సమర్థించుకున్నది ఎదుటి డ్రైవరు కళ్లను అది మిరుమిట్లు గొలపదని.

ఘాటుజీపు:
మాస్టారూ, మీ లెక్క కాదనను. కానీ పాడేరు ఘాటులో బండిని నడిపించేవి కళ్లు. దుకాణాల్లో దొరికే 6000 కెల్విన్ల (కాంతి రంగు కొలత) తెల్ల ఎల్‌ఈడీలో నీలం పాలు ఎక్కువ. అది మంచు మీద పడి తిరిగి ముఖానికే కొడుతుంటే అరగంటకే కళ్లు మండుతాయి. పసుపు వేస్తే ఇంకో పది గజాలు కనిపిస్తుందని నేను చెప్పను. కళ్లకు శ్రమ తగ్గుతుంది, నాకు అది చాలు.

లెక్కలమాస్టారు:
అక్కడ మీతో నాకు తగాదా లేదు. నీలం తీసేసిన కాంతి కళ్లకు హాయిగా ఉంటుందన్న మాట నిజమే. కానీ అందరూ రంగు దగ్గరే ఆగిపోతున్నారు. దీపం ఎక్కడుంది, పైకి ఎంత చిమ్ముతోంది అన్నవే అసలు ప్రశ్నలు. పైకప్పు మీది బార్ మీ చూపు వెళ్లే దారిలోనే మంచును వెలిగిస్తుంది. ముఖానికి అడ్డంగా తెల్ల పంచె ఆరవేసినట్టుంటుంది. పైగా బానెట్ మీద పడిన వెలుగు కూడా కంట్లోకే వస్తుంది. కింద, వెడల్పుగా, పైఅంచు గీత గీసినట్టు తెగిపోయే కాంతి కావాలి. ఐరోపా నిబంధనల్లో ఫాగ్ ల్యాంపు తెలుపైనా పసుపైనా ఉండవచ్చు. ఎత్తు విషయంలో మాత్రం పట్టుబడతారు: మామూలు కార్లకు నేల నుంచి 25 సెంటీమీటర్లకు తగ్గకూడదు, 80 దాటకూడదు.

బురదబండి:
ఆ 25 సెంటీమీటర్లు రాసినవారు మన వాగులు చూసి ఉండరు! అంత కింద పెట్టిన దీపం మొదటి బండరాయికే పోతుంది. మిగిలితే బురద కప్పేస్తుంది. వేడెక్కిన హాలోజన్ దీపం మీద చన్నీళ్లు పడితే అద్దం పగలవచ్చు. లోపలి గాలి చల్లారి కుంచించుకుంటూ సీలు సందుల్లోంచి నీటినీ పీల్చుకుంటుంది. వానలేని రాత్రి అడవి బాటలో నెమ్మదిగా వెళ్లేటప్పుడు కొమ్మలూ గోతులూ చూపించేది పైకప్పు బారే. దాన్ని అంత తేలిగ్గా కొట్టిపారేయకండి.

ఘాటుజీపు:
అడిగింది వానలేని రాత్రి గురించి కాదు కదా. బంపరు కిందికి వేలాడదీయమనీ ఎవరూ అనలేదు. ఇనుప బంపరులో లోపలికి గూడు చేసి బిగించవచ్చు, ముందు జాలీ పెట్టవచ్చు. వాగు దిగేముందు దీపం ఆర్పి రెండు నిమిషాలు ఆగితే సగం గొడవ ఉండదు. బురద అంటారా, గుడ్డతో తుడుచుకోవాలి. పైకప్పు ఎక్కి తుడవడం కన్నా అది నయం.

తీగలపని:
ఏది కొన్నా ఒక్కొక్కటి 55 వాట్ల జతైతే 12 వోల్టుల మీద సుమారు 9 ఆంపియర్లు లాగుతుంది. డ్యాష్‌బోర్డు స్విచ్చులోంచి నేరుగా తీగ లాగించుకోకండి. రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును నడిపే స్విచ్చు) పెట్టించండి, బ్యాటరీకి దగ్గరలో 15 ఆంపియర్ల ఫ్యూజు వేయించండి. మరో మాట, అదనపు లైట్లకు రవాణా శాఖ పరిమితులున్నాయి, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ బండికి చేసే మార్పుల గురించే. పైకప్పు బార్ వెలిగించి రహదారి మీద ఎదుటి బస్సు కళ్లలో కొడితే తప్పు మీదే.

పాతగేరు:
ఇంత చెప్పీ చివరికి అందరూ పసుపు దగ్గరికే వస్తున్నారు. కారణం ఏదైతేనేం!

లెక్కలమాస్టారు:
కారణం తప్పైతే రేపు ఇంకొకరు పైకప్పు మీద పసుపు బార్ పెట్టుకుని మంచును చీలుస్తాననుకుంటారు. అది తెల్ల బార్ చేసే పనే చేస్తుంది.

చింతపల్లిదారి:
బంపరు గూట్లో పసుపు జతకే మొగ్గుతున్నాను. మరి మంచులో హెడ్‌లైటు డిమ్ కూడా వేసి ఉంచాలా?

ఘాటుజీపు:
పలుచటి మంచులో వేసి ఉంచండి. ముద్దగా దిగినప్పుడు డిమ్ కూడా తిరిగి కొడుతుంది. అందుకే పార్కింగ్ లైట్లతో ఫాగ్ ల్యాంపు వెలిగేలా తీగలు వేయించుకోండి, అప్పుడు వెనుక ఎర్ర దీపాలూ వెలుగుతాయి. ఆ కాంతి దగ్గరి రోడ్డునీ అంచులనే చూపిస్తుంది కాబట్టి వేగం 20 లోపే. నాలుగు ఇండికేటర్లూ వేసుకుని నడపకండి, మలుపులో మీరు ఎటు తిరుగుతారో వెనుకవాడికి తెలియదు. పది మీటర్ల దూరంలో గోడ ముందు బండి ఆపి, కాంతి పైఅంచు దీపం ఎత్తు కన్నా 10 నుంచి 20 సెంటీమీటర్లు కింద పడేలా బిగించండి. జీపులో మీరు తీసుకెళ్లే బరువంతా ఎక్కించాకే ఆ కొలత తీయండి.