క్రౌబార్‌ని తెలుగులో ఏమనాలి? గునపం అంటే సరిపోతుందా

పర్లాకిమిడి నుంచి:
అందరికీ నమస్కారం. మా ఊరి నుంచి విమానాల మెయింటెనెన్స్ కోర్సుల్లో చేరిన పిల్లలు కొందరున్నారు, ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా, ఇప్పుడు పుస్తకాలేమో ఇంగ్లీషు, వాళ్ళ కోసం చిన్న విమానం ఛార్జింగ్ సిస్టమ్ మీద తెలుగులో నోట్సు రాస్తున్నాను. ఆల్టర్నేటర్, ఫీల్డు, రెగ్యులేటర్, బ్రేకర్ అన్నీ అలాగే ఉంచీసాను, వాటితో ఎవరికీ ఇబ్బంది లేదు. క్రౌబార్ దగ్గర ఆగాను. ఓవర్‌వోల్టేజ్ వచ్చినప్పుడు ఆల్టర్నేటర్ని ఆపే సర్క్యూట్‌కి అది పేరు. గునపం సర్క్యూట్ అనీసి రాయనా, అధిక వోల్టేజి రక్షణ వలయం అననా?

గుణుపురం నుంచి:
రక్షణ వలయమే బాగుంది మాస్టారూ. గునపంతో గొయ్యి తవ్వుతాం గాని కరెంటుకీ దానికీ ఏటి సంబంధం? పిల్లలు నవ్వుతారు.

సిరోంచ నుంచి:
మా కాడ గునపం అనరన్నా, గడ్డపార అంటరు. పక్కనున్న మరాఠీ వాళ్ళు పహార్ అంటరు. గునపం అని రాస్తే మా పిల్లలకి మళ్ళా అర్థం చెప్పాలె.

జయపురం నుంచి:
ఒడియాలో అయితే శాబళ. అది సరే గాని నాదో డౌటు. నేను లారీలు, జీపుల కరెంటు పని చేస్తాను, మేం రెగ్యులేటర్‌ని కటౌట్ అంటాం. కటౌట్ పోతే బ్యాటరీ నీళ్ళు తాగేస్తుంది, బల్బులు మాడిపోతాయి, కొత్త కటౌట్ వేసి పంపించేస్తాం. వోల్టేజి చూసుకోడానికి అదొకటి ఉంది కదా, మళ్ళీ పైన ఇంకో రక్షణ ఎందుకు?

పర్లాకిమిడి నుంచి:
జయపురం అన్నయ్య అడిగింది అసలు ప్రశ్న, దానికి జవాబు చెప్తే పేరు సంగతి కూడా అందులోనే తేలిపోతుంది. 12 వోల్టుల బ్యాటరీ ఉన్న చిన్న విమానంలో బస్సు మీద, అంటే అన్ని పరికరాలకీ కరెంటు పంచే మెయిన్ లైను మీద, వోల్టేజి 14 చుట్టూ ఉండాలి, రెగ్యులేటర్ ఫీల్డుకి (ఆల్టర్నేటర్‌లో అయస్కాంతాన్ని పుట్టించే కాయిల్‌కి) పంపే కరెంటుని తగ్గిస్తూ పెంచుతూ అక్కడ నిలబెడుతుంది. అందులో పవర్ ట్రాన్సిస్టర్ షార్టు అయిపోయిందనుకోండి, ఫీల్డుకి పూర్తి కరెంటు వెళ్ళిపోతుంది, ఇంజిన్ ఫుల్ స్పీడులో తిరుగుతోంది, ఇంక ఆల్టర్నేటర్‌ని పట్టేవాడు లేడు. కంచే చేను మేసిందన్నమాట. మొదట్లో బ్యాటరీ ఆ కరెంటుని మింగుతూ వోల్టేజిని కాసేపు అణిచి పెడుతుంది, ఆ లోపు ఆపాలి, లేకపోతే బ్యాటరీ మరిగిపోయి గ్యాసు కక్కుతుంది, రేడియోలు పోతాయి. బ్యాటరీ కూడా లైన్లోంచి ఊడిపోతే వోల్టేజి 100 దాటిపోగలదు. లారీ అయితే రోడ్డు పక్కన ఆపుకుంటాం, మబ్బుల్లో రాత్రి పూట ఎగురుతున్నవాడికి రేడియో పోవడం అంటే అది ప్రాణం మీదకొచ్చే సంగతి. అందుకే కాపలా కాసేది రెగ్యులేటర్ లోపలే ఉండకూడదు, వేరే పెట్టెలో, వోల్టేజిని తన వైరుతో తనే చూసుకుంటూ ఉండాలి.

ఆ పెట్టె ఏం చేస్తుందంటే, బస్సు నుంచి ఫీల్డుకి వెళ్ళే లైన్లో 5 ఆంపియర్ల బ్రేకర్ ఒకటి ఉంటుంది కదా, దాని తరవాత, ఫీల్డు లైనుకీ ఎర్తుకీ మధ్య ఒక ఎస్‌సీఆర్ (గేటు అనే కాలుకి సిగ్నల్ ఇస్తే ఆన్ అయ్యే ఎలక్ట్రానిక్ స్విచ్చి) ఉంటుంది. 14 వోల్టుల సిస్టమ్‌లో వోల్టేజి 16 దాటగానే (28 వోల్టుల సిస్టమ్‌కి 32 చుట్టూ) దాని గేటుకి సిగ్నల్ వెళ్తుంది, ఎస్‌సీఆర్ ఆ లైన్ని ఎర్తుకి షార్టు చేసేస్తుంది, ఒకసారి అంటుకుంటే కరెంటు ఆగేదాకా అది వదలదు, బ్రేకర్ టప్‌మని కొట్టేస్తుంది. ఫీల్డు పోయింది, ఆల్టర్నేటర్ పడుకుంది. సప్లై తీగల మధ్య గునపం పడేస్తే ఎలా షార్టు అవుతుందో అదే పని కావాలని చేయడం, పేరు అందుకే వచ్చింది. గుణుపురం వారికి మనవి ఏంటంటే, రక్షణ వలయం అంటే ఇదేదీ కనపడదు. రక్షణ అనగానే పిల్లాడు ఫ్యూజులాగ తెంపేది అనుకుంటాడు, ఇది ముందు కలుపుతుంది, ఆ కలపడం వల్లే తెగుతుంది.

బరంపురం నుంచి:
గిడుగు రామమూర్తిగారు పాఠం చెప్పిన ఊళ్ళో కూర్చుని వలయాలెందుకండీ. పిల్లల పుస్తకాల్లో జనం మాట్లాడే మాటే ఉండాలని ఆయన జీవితమంతా పోరాడారు. నా ఓటు గునపానికే.

జయపురం నుంచి:
పని అర్థమైంది, పేరూ నప్పింది. కానీ గునపం అంటే మా కుర్రాడొకడు తీసుకెళ్ళి బ్యాటరీ రెండు టెర్మినళ్ళ మధ్య పెట్టేస్తాడేమో అని భయం. ఇంకోటి, ఇప్పటి కార్ల ఆల్టర్నేటర్లలో కటౌట్ లోపలే కూర్చుంటుంది, ఫీల్డు వైరు బయటికే రాదు, మరి గునపం ఎక్కడ వెయ్యాలి?

పర్లాకిమిడి నుంచి:
మీ భయం న్యాయమైనది, ఆ వాక్యం పెద్దక్షరాల్లో పెడతాను: గునపం ఫీల్డు లైన్లోనే, అదీ బ్రేకర్ తరవాతే. బ్యాటరీకి నేరుగా పడితే వందల ఆంపియర్లు, మంటే.

లోపల రెగ్యులేటర్ ఉన్నవాటికి క్రౌబార్ పనికిరాదు. అక్కడ ఆల్టర్నేటర్ నుంచి వచ్చే లావుపాటి వైర్లో కాంటాక్టర్ (ఎక్కువ కరెంటుని తట్టుకునే పెద్ద రిలే) పెట్టి తెంపాలి, కానీ ఫుల్ లోడ్లో ఉన్నదాన్ని ఉన్నట్టుండి తెంపితే ఆల్టర్నేటర్ వైపు వోల్టేజి ఒక్కసారి ఎగిసి లోపలి రెగ్యులేటర్ పోవచ్చు. అందుకే సొంతంగా విమానాలు కట్టుకునేవాళ్ళలో కొందరు ఆల్టర్నేటర్ విప్పి ఫీల్డు వైరు బయటికి లాగి బయటి రెగ్యులేటర్ పెట్టుకుంటారు, నాకైతే అదే మంచి దారి అనిపిస్తుంది. రోటాక్స్ 912 లాంటి ఇంజిన్లో సొంత జనరేటర్‌కి పర్మనెంట్ మాగ్నెట్టే, ఆపడానికి ఫీల్డే లేదు, అక్కడ రిలేతో కోయాల్సిందే. నోట్సులో వాటికి కోత అని రాస్తాను, దీనికి గునపం, పక్కన ఒకసారి గడ్డపార అని కూడా, సిరోంచ తమ్ముడి కోసం.

గుణుపురం నుంచి:
సరే మాస్టారూ, గునపానికే ఒప్పుకున్నాను. ల్యాండింగ్ లైటు ఆపినప్పుడల్లా అది పడిపోదు కదా?

పర్లాకిమిడి నుంచి:
డిజైన్లో సగం కష్టం అక్కడే ఉంది. లోడ్లు వేసి తీసినప్పుడు వచ్చే చిన్న చిన్న ఎగుళ్ళకి కొట్టకూడదు, నిజంగా వోల్టేజి పైకి పోతుంటే ఆలస్యం చెయ్యకూడదు. ఎంసీ3423 లాంటి, ఓవర్‌వోల్టేజ్ చూసి క్రౌబార్‌ని లేపే ఐసీ వాడితే బయట పెట్టిన కెపాసిటర్ విలువని బట్టి ఆ ఆలస్యం మారుతుంది. పెట్టె విమానానికి బిగించక ముందే బల్ల మీద వోల్టేజి మార్చుకునే సప్లై పెట్టి, సిరీస్‌లో ఒక బల్బు వేసి, 14 నుంచి మెల్లగా పెంచుకుంటూ పోవాలి, 15.5 దగ్గర బల్బు వెలిగితే తొందరపడుతోందని, 17 దాటినా వెలక్కపోతే నిద్రపోతోందని అర్థం. పైలట్‌కి కూడా ఒక మాట రాశాను, బ్రేకర్ ఒకసారి కొడితే ఒక్కసారే నొక్కి చూడాలి, మళ్ళీ కొడితే ముట్టుకోకుండా అనవసరమైనవన్నీ ఆపేసి బ్యాటరీ మీద దగ్గర్లోని రన్‌వేకి దిగిపోవాలి.